చలికాలంలో చిన్న విమానం ఇంజిన్ స్టార్ట్ చేయడం: సమస్య – పరిష్కారం

గడ్డకట్టే చలిలో రాత్రంతా ఆరుబయట నిలిచిన చిన్న విమానం తెల్లవారి మొరాయిస్తే, ఎలాగైనా దాన్ని స్టార్ట్ చేయాలన్న పట్టుదల కలగడం సహజం. ఇంజిన్‌కు చాలావరకు హాని జరిగేది ఆ పట్టుదల వల్లనే. స్టార్ట్ కాని ఇంజిన్ వల్ల పోయేది ఆ పూట ప్రయాణం ఒక్కటే. లోపలిదాకా వేడి చేరకముందే స్టార్ట్ అయిన ఇంజిన్‌లో మాత్రం బేరింగులు, పిస్టన్లు, సిలిండర్ గోడలు చాలినంత నూనె లేకుండానే రాసుకుంటాయి. ఆ అరుగుదల ఆ రోజు కనబడదు, ఎన్నో గంటలు ఎగిరిన తరువాత ఎప్పుడో ఆయిల్ ఫిల్టర్‌లో లోహపు రజనుగా బయటపడుతుంది. అందుకే కింది సమస్యల్లో దేనికైనా, ఎలా స్టార్ట్ చేయాలన్న ప్రశ్నకంటే ముందు అసలు ఇప్పుడు స్టార్ట్ చేయవచ్చునా అన్నది తేల్చుకోవాలి. ఇక్కడ చెప్పేది పిస్టన్ ఇంజిన్ల గురించి. మీ విమానం హ్యాండ్‌బుక్‌లో వేరే విధంగా ఉంటే హ్యాండ్‌బుక్ మాటే చెల్లుతుంది.

సమస్య: స్టార్టర్ నొక్కితే ప్రొపెల్లర్ బరువుగా, ఆగి ఆగి తిరుగుతోంది

ఒక కారణం బ్యాటరీ. మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ దగ్గర లెడ్ యాసిడ్ బ్యాటరీ తన మామూలు శక్తిలో సుమారు సగమే ఇవ్వగలదు, సరిగ్గా అప్పుడే చిక్కబడిన నూనె ఆ బ్యాటరీ నుంచి ఎక్కువ శక్తిని కోరుతుంది. పూర్తిగా చార్జి ఉన్న బ్యాటరీ ఎంత చలికైనా దాదాపు తట్టుకుంటుంది గాని, బాగా డిస్‌చార్జి అయినది మైనస్ 10 డిగ్రీల లోపే గడ్డకట్టి పగిలిపోవచ్చు. గడ్డకట్టిన బ్యాటరీకి చార్జింగ్ పెట్టకూడదు, బయటి కరెంటు ఇచ్చి స్టార్ట్ చేయడానికీ ప్రయత్నించకూడదు. చలి తీవ్రంగా ఉండే రోజుల్లో బ్యాటరీని విప్పి వెచ్చని గదిలో ఉంచి, ఉదయం తెచ్చి బిగించడం అన్నిటికంటే మేలైన పద్ధతి.

రెండో కారణం ఇంజిన్ లోపలే ఉంది, అసలు జాగ్రత్త అక్కడే కావాలి. ఇంజిన్ పెట్టె అయిన క్రాంక్‌కేసు అల్యూమినియంతో, అందులో తిరుగుతూ ప్రొపెల్లర్‌ను తిప్పే ఇరుసు క్రాంక్‌షాఫ్ట్ ఉక్కుతో చేసినవి. చలికి అల్యూమినియం ఉక్కుకంటే దాదాపు రెండింతలు ముడుచుకుంటుంది గనుక, షాఫ్ట్‌కూ బేరింగుకూ మధ్య నూనె పొర నిలవాల్సిన సందు ఇరుకైపోతుంది, ఇరుకైన ఆ సందులోకి చిక్కబడిన నూనె వేళకు చేరదు. నూనె స్థితి తెలుసుకోవడానికి డిప్‌స్టిక్‌ను, అంటే నూనె మట్టం కొలిచే కడ్డీని, పైకి తీసి నిలువుగా పట్టుకుని చూడాలి. మామూలు నూనె కడ్డీ మీదుగా జారి కొన నుంచి చుక్కలుగా పడుతుంది. చల్లబడిన నూనె కొన దగ్గర తేనెలా సాగి వేలాడుతుంది. మరీ గడ్డకట్టినది గ్రీజులా కడ్డీని అంటిపెట్టుకుని కదలనే కదలదు. నూనె వేలాడుతూ కనిపించిందంటే స్టార్టర్ జోలికి పోకూడదు.

పరిష్కారం ప్రీహీట్, అంటే స్టార్ట్ చేయడానికి ముందే ఇంజిన్‌ను బయటి వేడితో వెచ్చబరచడం. చిన్న విమానాల ఇంజిన్లు చేసే కంపెనీల్లో లైకమింగ్ తన ఇంజిన్లలో చాలావాటికి మైనస్ 12 డిగ్రీల సెల్సియస్ దాటి చలి ఉంటే ప్రీహీట్ చేయమంటుంది, కాంటినెంటల్ మైనస్ 7 డిగ్రీల దగ్గరే చేయమంటుంది. నా అభిప్రాయంలో ఈ అంకెలను కనీస హద్దులుగా భావించి, నీళ్లు గడ్డకట్టే చలి ఉన్నప్పుడల్లా ప్రీహీట్ చేయడమే మంచిది. చాలామంది వేడిగాలి గొట్టాన్ని కౌలింగ్ (ఇంజిన్ మీది రేకు తొడుగు) ముందు భాగంలో పెట్టి, సిలిండర్లు చేతికి వెచ్చగా తగలగానే పని అయిపోయిందనుకుంటారు. పైన సిలిండర్లు వెచ్చబడినా కింద సంప్‌లోని (నూనె నిలిచే తొట్టిలోని) నూనె, ఆయిల్ కూలర్, నూనె గొట్టాలు మంచుముక్కల్లాగే ఉండవచ్చు. అటువంటి ఇంజిన్ చక్కగా స్టార్ట్ అవుతుంది, కాని నూనె కదలదు. కనుక వేడిని ముందు సంప్‌కు, తరువాత సిలిండర్లకు, ఆయిల్ కూలర్‌కు, వెనుకనున్న మాగ్నెటోల (ప్లగ్గులకు నిప్పురవ్వ కరెంటు పుట్టించే పరికరాల) వైపుకు మార్చి మార్చి ఇవ్వాలి. 5 నుంచి 10 నిమిషాలు ఇచ్చి, కాసేపు ఆపి, వేడి లోపలికి ఇంకనిచ్చి, మళ్లీ ఇవ్వాలి. కౌలింగ్ మీద మందపాటి దుప్పటి కప్పితే వేడి నిలుస్తుంది. గాలి మరీ వేడిగా ఉంటే రబ్బరు గొట్టాలు, వైర్ల తొడుగులు, ముందు అద్దం దెబ్బతింటాయి. హీటర్ నడుస్తున్నంతసేపూ మనిషి పక్కనే ఉండాలి, అగ్నిమాపక సిలిండర్ అందుబాటులో ఉండాలి.

నూనె ఎంపిక కూడా ముఖ్యమే. వేసవికి వాడే 100 గ్రేడ్ నూనె, అంటే ఎస్‌ఏఈ 50, చలికాలానికి పనికిరాదు. తయారీదారు పట్టిక ప్రకారం 80 గ్రేడుకో, 15డబ్ల్యూ-50 వంటి మల్టీగ్రేడుకో మార్చుకోవాలి. అయితే మల్టీగ్రేడ్ పోశాం కాబట్టి ప్రీహీట్ అక్కరలేదనడం సరికాదు: నూనె పలచగా ఉన్నంతమాత్రాన బేరింగు సందు విప్పారదు.

ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పి ఇంజిన్‌ను వదులు చేసే అలవాటు కొందరికి ఉంది. మాగ్నెటో స్విచ్ ఆపినా, దాని గ్రౌండ్ వైరు తెగి ఉంటే ప్లగ్గుల్లో నిప్పురవ్వ పుడుతూనే ఉంటుంది, చేతిలోని ప్రొపెల్లర్ ఒక్కసారిగా తిరుగుతుంది. ఈ పనిలో శిక్షణ లేనివారు దానికి పూనుకోకూడదు.

సమస్య: ప్రొపెల్లర్ బాగానే తిరుగుతోంది గాని ఇంజిన్ అందుకోవడం లేదు

చలిలో పెట్రోలు సరిగా ఆవిరి కాదు. ద్రవంగా ఉన్న పెట్రోలు అంటుకోదు, దాని ఆవిరే గాలితో కలిసి అంటుకుంటుంది; కనుక వేసవిలో ఒకటి రెండుసార్లు ప్రైమర్ (స్టార్టింగ్‌కు ముందు ఇంజిన్‌లోకి పెట్రోలు కొట్టే చేతి పంపు) కొడితే సరిపోయిన ఇంజిన్‌కు చలిలో ఇంకా ఎక్కువసార్లు కొట్టవలసి వస్తుంది. ప్రైమర్ పిడిని నెమ్మదిగా లాగి, పంపు నిండడానికి రెండు మూడు సెకన్లు ఆగి, తరువాత బలంగా లోపలికి నొక్కాలి. నొక్కేటప్పుడు చేతికి పెట్రోలు ఎదురొత్తిడి తగలకపోతే పంపులోకి గాలే వస్తున్నట్టు. పని అయ్యాక ప్రైమర్‌ను లాక్ చేయడం మరువకూడదు, లేకుంటే స్టార్ట్ అయిన ఇంజిన్ దాని ద్వారా అదనపు పెట్రోలును పీల్చుకుని గరుకుగా నడుస్తుంది.

ప్రైమింగ్ సరిగానే ఉన్నా అందుకోకపోతే చెవి పెట్టి వినాలి. ఇంపల్స్ కప్లింగ్ ఉన్న మాగ్నెటో అయితే, ప్రొపెల్లర్ నెమ్మదిగా తిరిగేటప్పుడు టక్కుమనే శబ్దం స్పష్టంగా వినబడుతుంది. స్టార్టింగ్ సమయంలో నిప్పురవ్వను బలంగానూ ఆలస్యంగానూ ఇచ్చేది ఆ కప్లింగే. చలికి అందులోని జిడ్డు గట్టిపడి మీటలు అతుక్కుపోతే ఆ శబ్దం రాదు. మాగ్నెటోల వైపు వేడి ఇచ్చి మళ్లీ ప్రయత్నించాలి. అప్పటికీ టక్కుమనకపోతే మెకానిక్ విప్పి శుభ్రం చేయాల్సిందే.

సమస్య: రెండు మూడు చుట్లు అందుకుని ఆగిపోయింది, ఆ తరువాత ఎంత తిప్పినా ఉలుకూ పలుకూ లేదు

స్పార్క్ ప్లగ్గులు మంచు పట్టాయనడానికి ఇది కచ్చితమైన గుర్తు. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుంది. వేడిగా నడిచే ఇంజిన్‌లో అది ఆవిరిగా బయటికి పోతుంది. చల్లటి ఇంజిన్ రెండు చుట్లు మండి ఆగినప్పుడు ఆ ఆవిరి ప్లగ్ కొనల మీద చేరి అక్కడికక్కడే గడ్డకడుతుంది. ప్లగ్ విప్పి చూస్తే రెండు కొనల మధ్య సన్నటి తెల్లని పొర కనబడుతుంది. కరెంటు ఆ పొర మీదుగా జారిపోతుందే తప్ప నిప్పురవ్వ రాదు. ఇక స్టార్టర్ నొక్కడమంటే బ్యాటరీని ఖాళీ చేసుకోవడమే. ఇంజిన్ మొత్తాన్ని ప్రీహీట్ చేయాలి, లేదా ప్లగ్గులు విప్పి వెచ్చబరచి ఆరిన తరువాత బిగించాలి. మొదటి ప్రయత్నంలోనే నిలకడగా అందుకునేంతగా ఇంజిన్‌ను వెచ్చబరిస్తే ఈ సమస్యే రాదు.

సమస్య: స్టార్ట్ చేస్తుండగా ముక్కు కింద నుంచి పెట్రోలు కారుతోంది, లేదా మంట కనబడింది

చాలా చిన్న విమానాల్లో, గాలిలో పెట్రోలు కలిపే కార్బ్యురేటర్ ఇంజిన్ అడుగున ఉండి పెట్రోలును పైకి పంపుతుంది. ఇంజిన్ తిరగకుండా ఉన్నప్పుడు థ్రాటిల్‌ను (ఇంజిన్ వేగం పెంచే పిడిని) పదే పదే ఆడిస్తే, పైకి పోవలసిన పెట్రోలు కిందనున్న గాలి పెట్టెలోకి కారి నిలుస్తుంది. ఇంజిన్‌లోని మంట ఒకసారి వెనక్కి తన్నితే చాలు, ఆ పెట్రోలు అంటుకుంటుంది. అందుకే హ్యాండ్‌బుక్ చెప్పకుండా థ్రాటిల్ ఆడించకూడదు. కారడం మాత్రమే చూస్తే ఆపి, కారినది పూర్తిగా ఆరేదాకా ఆగాలి.

స్టార్టింగ్‌లో మంట లేస్తే భయపడి స్టార్టర్ వదలకూడదు. తిరుగుతున్న ఇంజిన్ మంటను లోపలికి పీల్చుకుంటుంది, కనుక తిప్పుతూనే ఉండాలి. ఇంజిన్ అందుకుంటే కొద్దిసేపు నడిపి, ఆపి, పరీక్ష చేయించాలి. అందుకోకపోతే మిక్స్చర్ పిడిని (ఇంజిన్‌కు పెట్రోలు పాళ్లు మార్చేది) పూర్తిగా వెనక్కి లాగి, పెట్రోలు వాల్వు మూసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ఇంకా తిప్పాలి. అప్పటికీ ఆరకపోతే అన్ని స్విచ్‌లూ ఆపి దిగిపోవాలి. ఈ వరుసను విమానంలో కూర్చుని నోటితో చెప్పుకుంటూ సాధన చేసినవారికే ఆ క్షణంలో చేతులు ఆడతాయి.

సమస్య: ఇంజిన్ స్టార్ట్ అయింది, ఆయిల్ ప్రెషర్ ముల్లు లేవలేదు

మామూలు రోజుల్లో 30 సెకన్లు, తీవ్రమైన చలిలో 60 సెకన్లు చూడాలి. ఆ లోపు ముల్లు కదలకపోతే ఆపేయాలి. గేజీకి వెళ్లే సన్నటి గొట్టంలో నూనె గట్టిపడి ముల్లు ఆలస్యంగా లేవడం ఉన్నదే, కాని లోపల ఏం జరుగుతోందో కూర్చున్నచోటి నుంచి తెలియదు గనుక ఆపడమే సరి. ప్రెషర్ లేచినా, అది నిలకడగా నిలిచేదాకా 1000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దాటనీయకూడదు. త్వరగా వేడెక్కాలని థ్రాటిల్ పెంచితే, అల్యూమినియం పిస్టన్ తన చుట్టూ ఉన్న ఉక్కు సిలిండర్ కంటే ముందుగా వ్యాకోచించి గోడలకు గీతలు పెడుతుంది.

స్టార్ట్ చేసేముందే నేలను చూసుకోవాలి. మంచు మీద బ్రేకులు పట్టవు, చక్రాలు తిరగకుండానే విమానం జారుతుంది.

సమస్య: అంతా సవ్యంగానే నడిచింది, ముక్కు భాగం నుంచి నూనె చిమ్మింది

క్రాంక్‌కేసులోని ఆవిరి బయటికి పోయే బ్రీదర్ గొట్టం కొన వద్ద తేమ గడ్డకట్టి మూసుకుపోతే, లోపల ఒత్తిడి పెరిగి ప్రొపెల్లర్ వెనుకనున్న ఆయిల్ సీలును బయటికి తోసేస్తుంది, నూనె నిమిషాల్లో ఖాళీ అవుతుంది. విమానం ఎక్కేముందు బ్రీదర్ కొనను వేలితో తడిమి మంచు లేదని నిర్ధారించుకోవాలి. కొన మూసుకుపోయినా ఆవిరి పోవడానికి గొట్టం మీద కొంత పైన చిన్న చీలిక ఉంటుంది. ఆ చీలిక కౌలింగ్ లోపలి వెచ్చదనంలో ఉందో లేదో మెకానిక్‌తో చలికాలానికి ముందే చూపించుకోవాలి.