పసుపు క్యాప్సూల్స్ కొనే ముందు

ఒంట్లో దీర్ఘకాలిక ఇన్‌ఫ్లమేషన్ (లోలోపల సాగే వాపు) ఉందనగానే చాలామంది చెయ్యి పసుపులోని కర్క్యుమిన్‌తో చేసిన క్యాప్సూల్స్ సీసా మీదికే పోతుంది. ముందు ఇవి చూసుకోండి.

• హెచ్‌ఎస్‌-సీఆర్‌పీ రక్తపరీక్ష చేయించండి, ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఎంతుందో అది చెబుతుంది. లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటితే ఎక్కువే. జలుబు, జ్వరం ఉన్నప్పుడు మాత్రం వద్దు, అంకె ఉత్తినే పెరుగుతుంది. 10 దాటితే డాక్టర్‌కు చూపించాల్సిందే.

• నడుముకు టేపు పెట్టండి. మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే పొట్ట లోపలి కొవ్వును అనుమానించాలి.

• బ్రష్ చేస్తుంటే చిగుళ్ల నుంచి రక్తమా? ఎవరూ పట్టించుకోరు గానీ, అదీ ఇన్‌ఫ్లమేషనే.

• సిగరెట్ మానండి.

• వారానికి 150 నిమిషాల చురుకైన నడక, రాత్రి 7 గంటల నిద్ర. రెండు మూడు నెలలు పాటించి మళ్లీ పరీక్ష చేయించండి.

అప్పటికీ కొనాలనిపిస్తే సీసా వెనక్కి తిప్పి చదవండి. పైపరిన్ అని ఉంటే అది మిరియాల నుంచి తీసింది. కర్క్యుమిన్‌నే కాదు, మీరు వాడే కొన్ని మందుల మోతాదునూ రక్తంలో పెంచగలదు. వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం గడ్డకట్టకుండా చేసే మందులు వాడేవాళ్లు, పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ను అడగకుండా ముట్టుకోవద్దు. థైరాయిడ్ మాత్రలు వేసుకునేవాళ్లకు అశ్వగంధ విషయంలోనూ ఇదే మాట. ‘మూలికే కదా, ఏం చేస్తుంది’ అనుకోకండి: ఈ రెండింటితోనూ కాలేయం దెబ్బతిన్నవాళ్లున్నారు. కళ్లు పచ్చబడినా, మూత్రం డికాక్షన్ రంగులో వచ్చినా వెంటనే ఆపేసి ఆసుపత్రికి వెళ్లండి. ఆపరేషన్ ఉంటే రెండు వారాల ముందే ఆపి సర్జన్‌కు చెప్పండి. పప్పులో వేసే చిటికెడు పసుపుకు ఈ భయాలేవీ అక్కర్లేదు.