తీరం వెంట ఒకరోజు నడక: బయల్దేరే ముందు

• అన్నిటికన్నా ముందు ఆటుపోట్ల టైమ్ చూసుకోండి. రెండు పోట్ల మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలుంటుంది, అందుకే పోటు రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. నిన్నటి లెక్క ఇవాళ పనికిరాదు. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో నీళ్లు ఇంకా పైకొస్తాయి. కొండ అంచు కింద నుంచి దారి ఉంటే, నీళ్లు తగ్గుతున్నప్పుడే దిగండి.

• నీళ్లు, టోపీ, పట్టున్న బూట్లు. పాకుడు రాళ్ల మీద చెప్పులతో సర్కస్ వద్దు.

• ఇసుకలో నీలం బుడగలా మెరిసేది బ్లూబాటిల్ అనే సముద్రజీవి. చచ్చిపడున్నా దాని తీగలు కుడతాయి. పిల్లలు బెలూన్ అనుకుని చెయ్యి పెట్టేస్తారు, ముందే చెప్పి ఉంచండి.

• శంకువు ఆకారపు గవ్వ ఎంత అందంగా ఉన్నా ఏరకండి. లోపల నత్త బతికుంటే విషపు ముల్లు దించుతుంది.

• ఒడ్డున పడున్న సముద్రపు పామును కర్రతో కదిపి చూసే సరదా వద్దు.

• ఉల్లంకి జాతి పిట్ట ఒకటి రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ మీ ముందు పరిగెడితే జాలిపడి వెంట వెళ్లకండి. అదంతా నటన! గుడ్లు అక్కడే ఎక్కడో ఉంటాయి. ఇసుకలో చిన్న గుంట, అందులో మచ్చల గులకరాళ్లలాంటి గుడ్లు, తొక్కేదాకా కనపడవు. ఆగి, కింద చూసుకుంటూ, వచ్చిన దారినే వెనక్కి రండి.

• చీకటిపడి తాబేలు ఎదురైతే టార్చి, ఫ్లాష్ ఆపేయండి.

• ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి చెప్పండి.