పగడపు దీవికి తిథి చూసి టికెట్టు

విజయనగరం నుంచి విశాఖ మీదుగా అండమాన్ వెళ్ళి, అక్కడి షహీద్ ద్వీప్‌లో, అంటే పాత నీల్ దీవిలో, విశ్రాంతిగా గడపాలనుకునేవారికి ఎదురయ్యే చికాకు ఒకటుంది: లక్ష్మణపూర్ రెండో తీరంలోని రాతి వంతెన దగ్గరికి వెళ్తే పగడపు దిబ్బలు నీట మునిగి ఉంటాయి, భరత్‌పూర్ తీరానికి వెళ్తే ఈతకు చాలినంత నీరు ఉండదు.

టికెట్లు తీసుకునే ముందు గోడ మీది తెలుగు క్యాలెండరులో తిథి చూడండి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లోనూ ఆ తరువాతి రెండు రోజుల్లోనూ ఆటు వేళ నీరు బాగా వెనక్కి తగ్గుతుంది కనుక రాళ్ళ మధ్య గుంటల్లో చేపలను, పగడాలను చూడటానికి అవే అనువైనవి. అష్టమి ప్రాంతంలో నీటిమట్టపు తేడా తగ్గుతుంది కనుక ఈతకు ఆ రోజులు మేలు. కళింగపట్నం మత్స్యకారులకు ఇది కొత్త సంగతి కాదు. రెండూ కావాలనుకుంటే విదియనాడు దీవి చేరి నవమికి బయలుదేరేలా చూసుకోవచ్చు. తిథి రోజును మాత్రమే చెబుతుంది. ఆటు వేళ రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కనుక శ్రీ విజయపురం (పాత పోర్ట్ బ్లెయిర్) ఆటుపోట్ల పట్టికలో ఆటు సమయం చూసుకుని, దానికి గంట ముందే తీరం చేరి, నీరు పెరగడం మొదలవగానే వెనుదిరగాలి. పగడాల మీద కాలు మోపకూడదు.

నైరుతి రుతుపవనాల కాలంలో మాత్రం ఈ లెక్క పనిచేయదు. అలల ఉద్ధృతికి దీవుల మధ్య పడవలే రద్దు కావచ్చు.