దుబాయ్‌లో ఫ్లాట్ బుక్ చేసే ముందు

హైదరాబాద్‌లో పెద్ద హోటల్, ప్రాపర్టీ ఎక్స్‌పో, ఫ్రీ బిర్యానీ, "ఈ రేటు ఇవాళే సార్" అనే ఏజెంటు. టోకెన్ మాత్రం అక్కడ ఇవ్వకండి. ఇంటికొచ్చి ఇవి చూసుకోండి.

• ఏరియా ఫ్రీహోల్డేనా (అంటే విదేశీయులు కూడా పూర్తి యాజమాన్య హక్కుతో కొనగలిగేదేనా)? విదేశీయులు అక్కడ ఎక్కడ పడితే అక్కడ కొనలేరు. దుబాయ్ మరీనా, డౌన్‌టౌన్ లాంటి నిర్ణయించిన ప్రాంతాల్లోనే.

• ఇంకా కడుతున్న బిల్డింగైతే డబ్బు ఆ ప్రాజెక్టు ఎస్క్రో ఖాతాకే (ఆ నిర్మాణానికే వాడేలా విడిగా ఉంచే బ్యాంకు ఖాతా) పంపాలి. 2007 నుంచి చట్టమే అలా ఉంది. "మా ఖాతాకి వేయండి, మేం కడతాం" అన్నారంటే లేచి వచ్చేయండి. కొన్నాక ఊకూద్ (కడుతున్న ఫ్లాట్ మీ పేరిట నమోదైందని చూపే) రిజిస్ట్రేషన్ పత్రం అడిగి తీసుకోండి.

• ఫ్లాట్ 10 లక్షల దిర్హామ్‌లంటే చేతి నుంచి పోయేది అంతే కాదు. ల్యాండ్ డిపార్ట్‌మెంట్ ఫీజే 4 శాతం, అంటే 40 వేలు. పైగా ఏటా సర్వీస్ చార్జీ. చదరపు అడుగుకి 15 అనుకున్నా 800 అడుగులకి 12 వేలు. అద్దె లెక్కలు చూపించే బ్రోచర్లో ఇది సాధారణంగా కనపడదు!

• ఇక్కడి నుంచి పంపేది ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకి డబ్బు పంపడానికి రిజర్వ్ బ్యాంక్ పెట్టిన పథకం) కింద, బ్యాంకు ద్వారానే. మనిషికి ఆర్థిక సంవత్సరానికి 2.5 లక్షల డాలర్లు పరిమితి. 10 లక్షల రూపాయలు దాటిన మొత్తంపై 20 శాతం టీసీఎస్ (బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు. ఆదాయపు పన్ను రిటర్న్‌లో సర్దుకోవచ్చు కానీ అప్పటిదాకా ఆ డబ్బు ఇరుక్కున్నట్టే. హవాలా జోలికి వద్దు.

• రిటర్న్‌లో విదేశీ ఆస్తుల షెడ్యూల్ నింపకపోతే 10 లక్షల రూపాయల జరిమానా పడొచ్చు. మీ సీఏకి ముందే చెప్పండి.