ఇంట్లో ఆక్సిజన్ మెషిన్ ఉంటే కరెంటు సంగతి ముందే చూసుకోండి

వైరల్ న్యుమోనియా బాగా ముదిరినవాళ్లలో కొందరికి డిశ్చార్జ్ అయ్యాక కూడా నెలల తరబడి గాలిలోంచి ఆక్సిజన్ వేరుచేసి ఇచ్చే మెషిన్, అంటే కాన్సన్‌ట్రేటర్ కావాలి. అది కరెంటు మీదే నడుస్తుంది, మన హన్మకొండ, కాజీపేట వైపు ఎండాకాలం గాలిదుమారం లేచిందంటే కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పలేం, అందుకే ఆక్సిజన్ నింపిన చిన్న సిలిండర్‌ని రెగ్యులేటర్‌తో సహా మంచం పక్కనే పడిపోకుండా కట్టి ఉంచండి, బిగించడం ఇంట్లో ఇద్దరికైనా వచ్చి ఉండాలి. నిమిషానికి 5 లీటర్లు ఇచ్చే మెషిన్ సుమారు 350 వాట్లు లాగుతుంది, ఇన్వర్టర్ మీద టీవీ కూడా నడిపిస్తే ఎంతోసేపు రాదు.

ఆక్సిజన్‌కి తేమ పట్టించడానికి మెషిన్‌కి తగిలించే సీసాలో బోరు నీళ్లు వద్దు, తెల్లగా ఉప్పు పేరుకుంటుంది, డిస్టిల్డ్ వాటరే పోయండి. దీపం, అగరబత్తి, పొయ్యి దూరం. బీడీ సంగతి చెప్పక్కర్లేదు!

కూర్చున్నప్పుడు వేలికి పెట్టే ఆక్సిమీటర్ 95 చూపించిందని గొట్టం తీసేయొద్దు, నాలుగడుగులు నడిస్తే ఆ అంకె పడిపోవచ్చు. ఆ నడిచినప్పటి రీడింగ్ కూడా రాసిపెట్టి డాక్టర్‌కు చూపించండి.