కార్తీకంలో చిన్నపిల్లలతో కృష్ణ ఒడ్డుకు వెళ్లాలంటే

సోమవారాలు, పౌర్ణమి వదిలేయండి. ఆ రోజుల్లో విజయవాడ దుర్గా ఘాట్‌లో పెద్దవాళ్లకే కాలు పెట్టే చోటు ఉండదు, ఇక ఐదేళ్ల లోపు పిల్లల్ని పట్టుకుని తోసుకుంటూ వెళ్లడం అనవసరపు టెన్షన్. మామూలు రోజు చూసుకుని భవానీపురం పున్నమి ఘాట్‌కి వెళ్లడం నయం.

పిల్లలకు తెల్లవారుజామున నది స్నానం చేయించి తీరాలని పట్టుబట్టకండి, నానమ్మలు ఏమన్నా సరే. ఇంట్లోనే గోరువెచ్చని నీళ్లు పోసి, తల పూర్తిగా ఆరాక, చెవులు కప్పేలా టోపీ పెట్టి తీసుకెళ్తే చాలు.

పట్టుపావడా పట్టుపావడాయే కానీ దీపాల దగ్గర అది వద్దు, వేలాడే చున్నీలూ జారే నైలాన్ గౌన్లూ అసలే వద్దు, ఒంటికి పట్టి ఉండే నూలు బట్టలు వేయండి. అరటి దొప్పలో ఒత్తి ఇంట్లోనే నేతిలో నానబెట్టి తీసుకెళ్లండి. వెలిగించేది మీరు, నీళ్లలోకి మెల్లగా తోసేది పిల్లలు. నీళ్లు తగిలే మెట్ల మీద నాచు ఉంటుంది, కాబట్టి ఒక్కో పిల్లకి ఒక్కో పెద్దవాళ్లు ఉండాలి, ఆ మనిషి చేతిలో ఫోన్ ఉండకూడదు. వీడియో ఇంకెవరైనా తీస్తారు.

వేలు కాలితే వెంటనే 20 నిమిషాలు చల్లటి మంచినీళ్లు ధారగా పోయండి. ఐస్, టూత్‌పేస్ట్, పసుపు రాయకండి. బొబ్బ వస్తే డాక్టర్‌కి చూపించండి.

తిరిగొచ్చేటప్పుడు ఆకలికి ఏడుస్తారు, డబ్బాలో రెండు ఇడ్లీలు పెట్టుకోండి.