పాతబస్తీలో బాగుచేసిన ఇల్లు అద్దెకు తీసుకుంటున్నారా? ముందు మీటరు దగ్గరి వైరు చూడండి

2025 మే 18 ఉదయం హైదరాబాద్ చార్మినార్ దగ్గరున్న గుల్జార్ హౌజ్ వద్ద జరిగిన అగ్నిప్రమాదంలో 17 మంది చనిపోయారు. వారిలో 8 మంది పిల్లలు. షార్ట్ సర్క్యూటే కారణమని అధికారుల ప్రాథమిక అంచనా. కింద మడిగెలు, పైన కాపురం, రాకపోకలకు ఒకే ఇరుకు దారి. పత్తర్‌గట్టి, ఘాన్సీ బజార్, శాలిబండ వైపు ఇలాంటి ఇళ్లు కొల్లలు. వాటికే ఫాల్స్ సీలింగ్ వేసి, టైల్స్ పరిచి, మూడు ఏసీలు బిగించి ‘ఫుల్లీ రెనోవేటెడ్’ అని టులెట్ పెడుతున్నారు. ఎండలు ముదరకముందే మారాలనుకునేవాళ్లు అడ్వాన్స్ చేతిలో పెట్టేముందు కింది సంగతులు చూసుకోండి. నీళ్లు, పార్కింగ్ ఎలాగూ అడుగుతారు కాబట్టి వాటి జోలికి పోవడం లేదు.

కరెంటు

అందరూ చేసే తప్పు ఒకటే. గదుల్లో కొత్త స్విచ్చులు చూసి వైరింగంతా కొత్తదే అనుకుంటారు. ఓనర్లు సాధారణంగా మార్చేది గదుల్లో వైరింగే. మీటరు నుంచి పై అంతస్తుకు వచ్చే మెయిన్ వైరు మాత్రం పాతదే ఉంటుంది.

లెక్క చూడండి. ఒకటిన్నర టన్ను ఏసీలు మూడు, గీజర్లు రెండు, ఫ్రిజ్, మోటారు కలిసి నడిస్తే దగ్గరదగ్గర 10 కిలోవాట్లు, అంటే 43 ఆంపియర్ల పైమాట. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు మోసేది 20 ఆంపియర్లకు కాస్త అటూ ఇటూ. కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలు. లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్చు (ఎంసీబీ) మాటిమాటికీ పడిపోతోందని 32 ఆంపియర్లది తీసేసి 63 ఆంపియర్లది పెడతారు. ఇక అది పడదు, వైరు కాలుతుంది. పాత అల్యూమినియానికి కొత్త రాగి మెలిపెట్టిన జాయింటు ఫాల్స్ సీలింగ్ పైన ఉంటే పొగ వచ్చేదాకా తెలియదు.

మీ ఎలక్ట్రీషియన్‌ని వెంట తీసుకెళ్లండి, ఓనరు మనిషిని నమ్ముకోవద్దు. ఏసీలు, గీజర్లు అన్నీ అరగంట నడిపించి, మీటరు దగ్గరా వంటింటి సాకెట్‌లోనూ ఒకేసారి వోల్టేజీ కొలిపించండి. తేడా 7 వోల్టులు దాటితే మెయిన్ వైరు సన్నమైనా అయ్యుండాలి, జాయింటు వదులైనా అయ్యుండాలి. ఇంత లోడుకు 10 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు), పనిచేసే ఎర్తింగ్ ఉండాలి. బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడ్, అంటే ఆ ఇంటికి మంజూరైన లోడు, 2 కిలోవాట్లే ఉంటే పెంచిన తర్వాతే దిగుతామని చెప్పండి.

గోడలు, కప్పు

డంగుసున్నం గోడ మీద సిమెంటు, పుట్టీ కొడితే తేమ బయటికి పోయే దారి ఉండదు. అడుగున రెండడుగుల మేర పెయింటు ఉబ్బిందేమో చేత్తో తడిమి చూడండి. దూలాల కప్పు మీద కొత్తగా బాత్రూం కట్టారా? కింది మడిగెలోకి వెళ్లి పైకి చూడండి. దూలం చివర్లు గోడలో దిగేచోట మరక కనబడితే ఆ ఇల్లు వద్దు, అద్దె సగం తగ్గించినా సరే.

ఇంకా:

మెట్ల కింద ఇన్వర్టర్ బ్యాటరీ, చార్జింగ్‌లో స్కూటర్ ఉండకూడదు. ఉన్న ఒక్క దారీ అదే.

మిద్దె తలుపు తాళం చెవి మీ దగ్గరే ఉండాలి, ఓనరు దగ్గర కాదు.

కిటికీ గ్రిల్ ఒక్కటైనా లోపలి నుంచి తెరుచుకోవాలి.

కింది మడిగెలో ఏం నిల్వ చేస్తారో అడగండి. థిన్నర్, స్పాంజి, గ్యాస్ బండలైతే వెనక్కి తిరగండి.

పాత పిట్టగోడకు ఏసీ బయటి యూనిట్ బిగించనివ్వద్దు.

ఆస్తి పన్ను రసీదు ఎవరి పేరున ఉందో చూడండి. అన్నదమ్ముల ఉమ్మడి ఇల్లయితే అందరి సంతకాలూ అడగండి.

వైరు మార్చే ఖర్చు ఎవరిదో అగ్రిమెంటులో రాయించండి. నోటిమాటను నమ్ముకోవద్దు.

మళ్లీ చెబుతున్నాం: మీటరు నుంచి పైకి వచ్చే వైరు. అది చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు. ‘మొన్ననే మార్చాం’ అంటే మీటరు బోర్డు మూత తీయించి చూడండి. తీయనంటే లేచి వచ్చేయండి.